హెర్దీస్ నీలం పట్టీ

మా ఊళ్ళో పాస్టరు మాటను శంకించినవాళ్ళు ఉన్నారు గానీ హెర్దీస్ మాటను శంకించినవాళ్ళు లేరు. ఐస్‌లాండ్ ఉత్తర తీరాన, చేపల రేవు తప్ప వేరే దిక్కులేని ఊరు మాది. చర్చి ఒకటి, ఈత కొలను ఒకటి, పొదుపు బ్యాంకు ఒకటి, హెర్దీస్ పుస్తకాల కొట్టు ఒకటి. అంతే.

తండ్రి పోయాక పడుచు వయసులోనే కొట్టు ఆమె నెత్తిన పడింది. ఎవరైనా పెళ్ళి మాట ఎత్తితే "ముందు ఈ నవల అవనివ్వండి" అనేది. నవలలు అవుతూనే ఉన్నాయి, పెళ్ళీడు దాటిపోయింది. తాను చదివి మెచ్చిన పుస్తకానికి సన్నటి నీలం కాగితం పట్టీ చుట్టేది. దాని మీద తన చేత్తో ఒకటే మాట రాసేది: 'చదివాను'. బాగుందని కూడా రాసేది కాదు. మావాళ్ళకు ఆ ఒక్క మాట చాలు. పట్టీ లేని పుస్తకం దుమ్ము కొట్టుకుని వచ్చిన దారినే వెనక్కి పోవలసిందే.

క్రిస్మస్ ముందు రాత్రి ఇంట్లో ఒకరికొకరు పుస్తకం ఇచ్చుకోవడం మా ఆనవాయితీ. పొగబెట్టిన గొర్రె మాంసం కడుపునిండా తిని, ఎవరి పుస్తకం వాళ్ళు పట్టుకుని మంచమెక్కుతాం. నచ్చకపోతే కొట్లో మార్చుకోవడానికి వెనక అట్టకు ఒక చీటీ అంటించి ఉంటుంది. ఒకే పుస్తకం రెండు వచ్చినవాళ్ళు తప్ప ఆ చీటీని ఎవరూ వాడరు. ఇచ్చిన మనిషి ముందు ఆ పుస్తకం బాగాలేదనడం మా ఇళ్ళల్లో లేదు. పెళ్ళాం వండిన కూరకు రోజూ వంకలు పెట్టే మొనగాడు కూడా పెళ్ళాం ఇచ్చిన పుస్తకానికి వంక పెట్టడు. మర్యాద అనండి, మొద్దుతనం అనండి, కొంప ముంచింది అదే.

ఆ రోజుల్లో డబ్బు పుస్తకాల పిచ్చి ఎక్కణ్ణుంచి ఊడిపడిందో గాని ఊరంతటికీ పట్టుకుంది. సముద్రం కథలు తప్ప ముట్టని ముసలాళ్ళు కూడా కొట్లోకి వచ్చి, "డబ్బు పెరిగే కిటుకు చెప్పే పుస్తకమేదైనా ఉందా హెర్దీస్?" అని అడగడం మొదలుపెట్టారు. పాపం, ఆమెకేం తెలుసు? నవలైతే చేతిలోకి తీసుకుని ఇది ఎవరి చేతికి సరిపోతుందో చెప్పగలదు. ఈ వాటాలూ వడ్డీలూ నాలుగు పేజీలు తిరగేసేసరికి కళ్ళు మూతలు పడేవి. ఆ మాట పైకి అనడానికి నామోషీ. అట్ట మెరుస్తోందా, రాసినవాడు నవ్వుతున్నాడా, రాజధానిలో బాగా పోతోందా అని చూసి తెప్పించేది. చేప కొనేటప్పుడు మొప్పలెత్తి చూస్తామే, పుస్తకం రాసినవాడు ఏం అమ్ముకుని బతుకుతున్నాడో చూసుకోవద్దూ! చూడలేదు మహాతల్లి.

ఆ నవంబరులో పొదుపు బ్యాంకు మేనేజరు ఫ్రీమాన్ ఒక పెట్టె మోసుకొచ్చి బల్ల మీద దించాడు. ఇద్దరూ బడిలో ఒకే బెంచీ మీద కూర్చున్నవాళ్ళు. పెట్టెనిండా పచ్చ అట్ట పుస్తకాలు.

"ఇవేంట్రా? బ్యాంకు మూసేసి పుస్తకాలమ్ముతున్నావా?" అంది హెర్దీస్.

"నీ పొట్ట కొట్టే మనిషినా నేను? మా పైవాళ్ళు పంపారు. డబ్బు పెంచుకునే సంగతులు మనలాంటి వాళ్ళకి అర్థమయ్యేలా రాశారే. సగం ధరకే ఇస్తా, నీ పట్టీ మాత్రం చుట్టాలి."

"చదవకుండా చుట్టను. తెలుసుగా నీకు."

"నీ పట్టీ లేకపోతే ఈ ఊళ్ళో బైబిలు కూడా అమ్ముడుపోదు. క్రిస్మస్ నెత్తిమీదికొచ్చింది, ఎప్పుడు చదువుతావ్? తర్వాత చదువుకో. పారిపోతుందా?"

కొట్టు నిండా విప్పని పెట్టెలు. తలుపు దగ్గర జనం. పైగా అడిగింది చిన్నప్పటి నేస్తం ఫ్రీమాన్. తర్వాత చదువుదాంలే అనుకుని హెర్దీస్ పట్టీలు కత్తిరించింది, ప్రతిదాని మీదా 'చదివాను' అని రాసింది. రాస్తున్నప్పుడు చెయ్యి ఒకసారి ఆగింది, అయినా రాసింది. ఆ తర్వాత చదవలేదు. ఎవరు చదువుతారు!

మొదటి పుస్తకం కొన్నది స్వాలా. హెర్దీస్‌కు ప్రాణస్నేహితురాలు. ఆమె మొగుడు బర్దుర్‌కు సొంత పడవ ఉంది, ఏటా ఇన్ని చేపలు పట్టుకోవచ్చని సర్కారిచ్చిన కోటా ఉంది, కావాలంటే దాన్నీ అమ్ముకోవచ్చు. ఇటు కోటా ధరలు కొండెక్కి కూర్చున్నాయి, అటు మోకాళ్ళు అరిగిపోయాయి. అమ్మేసి ఆ డబ్బు ఎక్కడైనా పెట్టి ఒడ్డున కూర్చోవాలా, ఇంకా ఈడ్చుకురావాలా అని ఆ ఇంట్లో రోజూ రభస.

"ఇది ఆయన బుర్రకెక్కుతుందంటావా?" అంది స్వాలా.

"ఎక్కుతుందే. ఎందుకెక్కదు?" అంది హెర్దీస్.

పండగ రాత్రి బర్దుర్ కళ్ళజోడు పెట్టుకుని ఆ పచ్చ పుస్తకాన్ని చివరిదాకా చదివాడు. మధ్యమధ్య ముక్కు చీదాడు. పొద్దున్న స్వాలా కాఫీ ఇస్తూ ఎలా ఉందని అడిగితే "బాగుంది" అన్నాడు. ఆ మాట పట్టుకుని ఆమె వసంతంలో పడవా కోటా అమ్మించింది. వచ్చిందంతా ఫ్రీమాన్ బ్యాంకు వాటాల్లోకే పోయింది. ఊరంతా ఆ తోవే పట్టింది. గొర్రె కసాయివాణ్ణే నమ్ముతుందని ఊరికే అన్నారా!

ఏడాదిన్నర తిరిగి, ఆ అక్టోబరులో దేశంలో బ్యాంకులు పేకమేడల్లా కూలినప్పుడు మా పొదుపు బ్యాంకూ కూలింది. వాటా కాగితాలు పొయ్యిలో వేసుకోవడానికి కూడా పనికిరాలేదు. ఫ్రీమాన్ ఇల్లు ఖాళీ చేసి ఎటో పోయాడు. బర్దుర్ మాత్రం ఎక్కడికి పోతాడు? ఒకప్పుడు తనదే అయిన పడవలో, కొన్నవాడి కింద కూలికి కుదిరాడు. అరవై నాలుగేళ్ళ వయసులో, ఆ మోకాళ్ళతో.

కూలికి పడవెక్కే ముందు రోజు, ఈత కొలను పక్కన ఆడా మగా ఊరంతా కలిసి కూర్చునే వేడినీళ్ళ తొట్టిలో అతనికి హెర్దీస్ ఎదురుపడింది. మా ఊరి మంచీ చెడ్డా తేలేది ఆ తొట్టిలోనే. ఆ వేళ మంచు పడుతోంది, వేరే ఎవరూ లేరు. బర్దుర్ గడ్డం దాకా నీళ్ళలో మునిగి కూర్చున్నాడు.

"హెర్దీస్, ఒకటి అడుగుతా, ఏమీ అనుకోకు. ఆ పచ్చ పుస్తకంలో నీకేం నచ్చింది?"

హెర్దీస్ జుట్టు మీద పడిన మంచు దులుపుకుంది.

"నిన్ను తప్పుపట్టడానికి కాదమ్మాయ్. రెండుసార్లు చదివా. నాకు అందులో ఏమీ కనపడలేదు. నువ్వు చదివినదానివి కదా, నా బుర్రకి అందనిది ఏదో ఉండే ఉంటుంది. అదేంటో తెలిస్తే నా మనసు కాస్త కుదుటపడుతుంది."

చదవలేదని ఒక్క మాట చెప్పి ఉంటే ఆ మనిషి భారం సగం దిగేది. హెర్దీస్ నీళ్ళలోకి చూస్తూ, "అంతా కలిపి... బాగుందనిపించింది బర్దుర్" అంది.

"అంతేలే. చదువుకున్నవాళ్ళకి తెలుస్తుంది. మొద్దువెధవని నాకేం తెలుసు?" అని తొట్టి అంచు పట్టుకుని మెల్లగా లేచాడు. తువ్వాలు భుజాన వేసుకుని మంచులో కుంటుకుంటూ పోయాడు.

ఫిబ్రవరి గాలివానలో వల లాగుతూ జారి సముద్రంలో పడ్డాడు. మోకాలు పట్టు తప్పిందని పక్కనున్నవాళ్ళు చెప్పారు. శవం దొరకలేదు. చర్చిలో అతని పేర ప్రార్థన జరిగిన రోజు హెర్దీస్ స్వాలా పక్కన కూర్చుని చెయ్యి పట్టుకుంది గానీ పట్టీ సంగతి చెప్పలేదు. చెప్తే స్వాలా మళ్ళీ గడప తొక్కదు. ఆమె తప్ప హెర్దీస్‌కు ఉన్నదెవరు?

మళ్ళీ క్రిస్మస్ వచ్చింది. పండగ ముందు రోజు మా ఊళ్ళో ఇంటింటా పులియబెట్టిన టేకు చేప ఉడుకుతుంది. ఆ కంపు వీధుల్లో, తొడుక్కున్న కోటుల్లో, జుట్టులో అంతటా ఉంటుంది. స్వాలా ఆ కంపుతోనే కొట్లోకి వచ్చి పచ్చ పుస్తకాన్ని బల్ల మీద పెట్టింది. నీలం పట్టీ అలాగే ఉంది. వెనక చీటీ కూడా అలాగే ఉంది.

"ఈ ఏడు పుస్తకం కొనడానికి నాకెవరూ లేరే. ఊరికే ఇల్లు సర్దుతుంటే ఇది దొరికింది. చీటీ గడువు ఎప్పుడో అయిపోయిందనుకో."

హెర్దీస్ పుస్తకం తిప్పి చీటీ వైపు చూసింది.

"మార్చడానికి తేలేదు. ఇందులో బాగున్నదేంటో చూపించు, చాలు. ఆయన వెతికీ వెతికీ పోయాడు. 'హెర్దీస్‌కి కనిపించింది, నాకే కనపళ్ళేదు' అనేవాడు. ఎక్కడుందో నేనైనా చూసుకుంటా."

తలుపు దగ్గర కొనడానికి వచ్చినవాళ్ళు ఇద్దరు ముగ్గురు నిలబడి ఉన్నారు. హెర్దీస్ వాళ్ళను చూడలేదు.

"నేను చదవలేదు స్వాలా."

"ఏంటీ?"

"చదవలేదే. ఒక్క పేజీ చదవలేదు. పట్టీ చుట్టేశా. ఆ రోజు తొట్టిలో ఆయన అడిగినప్పుడు కూడా చదివానని నమ్మించా."

స్వాలా కొట్టలేదు, తిట్టలేదు. తిట్టినా బాగుండేది. బల్ల ఇవతల ఉన్న ముక్కాలిపీట లాక్కుని, కోటు విప్పకుండా కూర్చుంది.

"అయితే ఇప్పుడు చదువు. పైకి చదువు."

హెర్దీస్ పట్టీ తీసి పక్కన పెట్టి మొదటి పేజీ తెరిచింది. జనం కదల్లేదు. పాత పడవను పట్టుకుని వేలాడేవాడు పాతగానే మిగిలిపోతాడని ఉంది. తెలివైనవాడు అమ్మేసి, తనను చిన్నప్పటినుంచీ ఎరిగిన బ్యాంకులో వాటా కొంటాడని ఉంది. నాలుగో పేజీ తిప్పి, నడుమ ఆగిపోయింది.

"ఆపావేం?"

"ఇందులో ఏమీ లేదే. తన బుట్టలో చేపని తనే మెచ్చుకుంటున్నాడు వీడు. కంపు తెలుస్తూనే ఉంది."

స్వాలా బల్ల మీది నీలం పట్టీని వేలితో సాపు చేసింది. మాట్లాడినప్పుడు గొంతు మామూలుగానే ఉంది.

"ఆయనా ఆ మాటే అన్నాడు. ఆఖరిసారి పడవెక్కే ముందు అన్నాడు. పండగ రాత్రే కంపు కొట్టిందట. మరి ఆ రోజే చెప్పొచ్చుగా, పడవ మిగిలేదిగా అని మీదపడి ఏడ్చా. 'నువ్విచ్చిన పుస్తకం, చెత్తని ఎలా అంటాను?' అన్నాడు. 'పైగా హెర్దీస్ చదివిందిగా' అన్నాడు."

హెర్దీస్ పుస్తకం మూయబోయింది.

"మూయకు," అంది స్వాలా. "ఇంకా చాలా ఉంది. చదువు."

హెర్దీస్ చదివింది.