పుక్కిట్లో బర్గండీ

తెల్లదొరల కాలం. గిద్దలూరు రైల్వే బంగళాలో మా నాయన వంటమనిషి. ఆయన జ్వరంతో బంగళా పెరటి పంచలోనే పడుకున్న రోజు, పద్దెనిమిదేళ్ల నేను పొట్టేలు మాంసం వండాను. అంతకుముందు ఆదివారమే బాప్తిస్మం తీసుకుని, మత్తుపానీయం ముట్టనని సంఘం ముందు ప్రమాణం చేశాను.

దొరసాని గ్లాసుతో వంటింట్లోకి వచ్చింది. పాండిచ్చేరి నుంచి తెప్పించిన ఫ్రెంచి ఎర్ర వైన్, పేరు బర్గండీ అట. “ఇది మాంసంలోకి బాగుంటుంది. కారం ఎక్కువైతే మాత్రం దీని రుచి పోతుంది. ముక్క తిని, ఇది తాగి చూడు. నీకు తెలిస్తేనే సరిగ్గా వండుతావు” అంది.

కాదంటే నాయన పని పోతుందేమో! ఒక గుక్క నోట్లో పోసుకున్నాను కానీ మింగలేదు. బాగుందా అంటే తల ఊపాను. ఆమె భోజనాల గదిలోకి వెళ్లింది.

ఉమ్మేద్దామని పెరటి తలుపు తీస్తే, పంచలో నాయన మంచం పక్కన పాస్టరుగారు! ముందు ఆయన, వెనక ఆమె. వగరుకు బుగ్గలు లాగేసి కళ్లలో నీళ్లు తిరిగాయి.

“ఏడవబాకమ్మా, మీ నాయనకు ఏంగాదులే. నువ్వే ప్రార్థన చెయ్యి” అన్నారాయన.

“చెయ్యి పాపా” అన్నాడు నాయన. ఇద్దరూ కళ్లు మూసుకున్నారు.

ఉమ్మితే చప్పుడు వినబడుతుంది. మింగేశాను. “తండ్రీ, క్షమించు” తప్ప ఇంకో మాట రాలేదు. అదే వెక్కుతూ పదిసార్లు అన్నాను.

ఆ ఆదివారం పాస్టరుగారు నన్ను అందరి ముందు నిలబెట్టి, “ప్రార్థనంటే ఈ పిల్ల చేసినట్టుండాల!” అన్నారు.

ఇప్పటికీ నా ప్రార్థనను ఎవరైనా మెచ్చుకుంటే నోరంతా వగరెక్కుతుంది.