కాక విమానంలో నా ఎర్ర దీపాలు

ఎనిమిదేళ్ల కష్టాన్ని పన్నెండు చిన్న దీపాలతో మాయం చెయ్యడం ఎలాగో ఎవరికైనా తెలుసుకోవాలని ఉంటే నన్ను అడగండి. ఆ విద్య హైదరాబాద్ మొత్తంలో నా ఒక్కడికే వచ్చు. పైగా దాన్ని ఒక పెద్ద ఆఫీసరు ముందే ప్రదర్శించబోయాను.

తొంభైల నడుమ సంగతి. నాకు చిక్కడపల్లిలో లైటింగ్ దుకాణం ఉండేది. పెళ్లి పందిళ్లకు, గణేశ్ మండపాలకు రంగు బల్బుల సీరియల్ సెట్లు కట్టేవాణ్ని. నేను కట్టిన నెమలి పురి విప్పితే బస్సులో జనం మెడలు బయటపెట్టి చూసేవారు. ఆ రోజుల్లో నాకూ, కరెంటు బల్బు కనిపెట్టినాయనకూ తేడా పుట్టిన తేదీలోనే ఉందని నా నమ్మకం.

అశోక్‌నగర్‌లో రాజలింగం కాక ఉండేవాడు. చుట్టమేం కాదు, గల్లీ అంతటికీ కాకే. బస్సుల వర్క్‌షాపులో ఫిట్టరుగా చేసి రిటైరయ్యాడు. రిటైరైనవాళ్లు పేపరు చదువుతారు, పార్కులో నడుస్తారు. ఈయన ఇంటి వెనక రేకుల షెడ్డులో విమానం కడుతున్నాడు. మీరు సరిగ్గానే చదివారు, విమానమే! ఇద్దరు కూర్చుని నిజంగా ఎగరగలిగేది. దాని రెక్కలు వరండా గోడకు ఆనించి ఉండేవి. వాటి మీద చీరలు ఆరెయ్యకూడదని ఆయన, మరి నా చీరలు ఎక్కడ ఆరెయ్యాలని ఆయన భార్య సత్తెమ్మ చిన్నమ్మ, ఎనిమిదేళ్లుగా వాదించుకునేవారు. విమానం బరువు తగ్గుతుందని కాక మీసం కూడా తీసేశాడని గల్లీలో చెప్పుకునేవారు. నేను నమ్మాను. ఆయన అంతటివాడే.

ఒకరోజు కాక నన్ను పిలిచాడు.

"మల్లేశా, లోపల దీపాలు గావాలె. పగటిపూటనే ఎగురుత అనుకో. గని మబ్బు పడితే, పొద్దు గూకితే మీటర్లు కనబడాలె గద."

"బల్బులు పెడదామా కాకా?"

"బల్బు వేడి. బ్యాటరీ తింటది. పగిలితది. ఇంక బయటి చీకట్ల దిక్కు చూస్తే కండ్లు చెదరొద్దు."

"అయితే ఎల్ఈడీలు!" అన్నాను.

టేపురికార్డర్లలో పాటకు తగ్గట్టు ఎగిరేవే, ఆ మిరపగింజంత దీపాలు. అప్పట్లో వాటిలో తెల్లవి మాకు దొరికేవి కావు. ఎర్రవి, ఆకుపచ్చవి, పసుపువి, అంతే. కాక మూడు రంగులూ తెచ్చి చూద్దామన్నాడు.

"చూసుడేంది కాకా? ఎర్రది. చీకట్ల కండ్లకు ఎర్ర ఎలుతురే మంచిదని నేను పుస్తకంల చదివిన."

చదివిన మాట నిజమే. పుస్తకంలో ఆ తర్వాత పేజీ చదవలేదు, అంతే.

కాక లేనప్పుడు షెడ్డుకు పోయి, లోపల చీకటి కోసం విమానం అద్దాల తలుపు మీద దుప్పట్లు కప్పి, పన్నెండు ఎర్ర దీపాలు బిగించాను. తర్వాత పరీక్ష. మా వృత్తిలో పరీక్ష అంటే ఏమిటో మీకు చెప్పాలి. స్విచ్ వేసి, రోడ్డు అవతలికి పోయి, నడుం మీద చేతులు పెట్టుకుని చూడడం. అందంగా ఉందా? ఉంది. పరీక్ష పాసు. అలాగే దుప్పటి అంచు కొద్దిగా ఎత్తి, పది అడుగులు వెనక్కి పోయి చూశాను. విమానం లోపల నిప్పుకణికలు రాజుకున్నట్టుంది. నా కళ్లలో నీళ్లు తిరిగాయి. ఇంత ప్రతిభను ఒక్క చిక్కడపల్లే అనుభవించడం అన్యాయం అనిపించింది.

"పరీక్ష చేసినవా బిడ్డా?" అని కాక అడిగాడు.

"చేసిన కాకా. కిరాక్ ఉన్నది."

ఏ రేకునైనా నాలుగుసార్లు కొలిచిగానీ కొయ్యని మనిషి, నా మాట ఒక్కసారికే నమ్మాడు. అది తలుచుకుంటే ఇప్పటికీ సిగ్గేస్తుంది.

విమానాలకు అనుమతిచ్చే ఆఫీసరు వచ్చే రోజు రానే వచ్చింది. పదకొండు గంటలకు తనిఖీ. ఆయన సరేనంటేనే విమానం ఎగురుతుంది. కాదంటే అది రేకుల షెడ్డులో రేకుల సామానే. కాక పొద్దున్నే స్నానం చేసి, ఇస్త్రీ చొక్కా వేసుకుని, షెడ్డు చుట్టూ తిరుగుతున్నాడు. చిన్నమ్మ కుంకుమ భరిణె పట్టుకొచ్చింది. కొత్త యంత్రానికి బొట్టు పెట్టకుండా ఎవరి కంటా పడనివ్వదు కదా. లోపలికి వంగి ఒక్కో మీటరుకు ఒక్కో బొట్టు పెట్టింది.

ఆ మీటర్ల ముఖాలు కాక చేత్తో గీసినవి. తెల్లని పలక, నల్లని అంకెలు, ఏ హద్దు దాటితే ప్రమాదమో అక్కడ ఒక ఎర్ర గీత. చెయ్యి వణకని మనిషి గీసిన గీతలు, చూస్తే దండం పెట్టాలనిపించేవి.

"చిన్నమ్మా, జర ఆగు, నా దీపాలు చూడు!" అని దుప్పట్లు కప్పి స్విచ్ వేశాను.

చిన్నమ్మ లోపలికి తల పెట్టింది. ఒక్కో మీటరు దగ్గరికీ వంగి చూసింది. ముగ్ధురాలైందనుకున్నాను.

"మల్లేశా, నా బొట్లు ఏవి?"

"ఆడనే ఉంటయి చిన్నమ్మా."

"లేవు. ఇప్పుడే పెట్టిన. ఒక్కటి లేదు. ఏం దీపాలు పెట్టినవ్ రా, బొట్టు చెరిపేసే దీపాలు!"

నేను లోపలికి దూరాను. బొట్లు లేవు. ఎర్ర వెలుతురులో తెల్ల పలకా, ఎర్ర కుంకుమా ఒకటే రంగులో కలిసిపోయాయి. "ఏం గాదు, దీపం ఆర్పితే..." అంటూనే ఆగిపోయాను. ఎందుకంటే బొట్లతో పాటు ఇంకోటి కూడా లేదు.

ఎర్ర గీతలు.

ఒక్క మీటరు మీద కూడా లేదు. విమానంలో ఎక్కడా ప్రమాదమన్నదే లేకుండా చేసి పారేశాను. చీకటిపడ్డాక ఆ సీట్లో కూర్చునే మనిషికి ఎక్కడ ఆగాలో తెలిపే గుర్తులన్నీ నేను మింగేశాను.

కాక వచ్చి చూశాడు. తిడతాడనుకున్నాను. తిట్టినా బాగుండేది.

"వేరే రంగు ఉన్నదా?" అన్నాడు, అంతే.

టైము తొమ్మిదిన్నర. సైకిలెక్కి దుకాణానికి పరుగెత్తాను. నా మహా తెలివికి అక్కడ ఎర్రవి తప్ప ఏమీ లేవు. అక్కణ్నుంచి నారాయణగూడలో టేపురికార్డర్లు బాగుచేసే దోస్తు దగ్గరికి పోయి, రిపేరుకు వచ్చిన వాటిలోంచి పన్నెండు ఆకుపచ్చవి పీకించాను. ఆ తర్వాత చాలారోజులు హిమాయత్‌నగర్ దాకా ఎన్నో ఇళ్లలో పాటలు గుడ్డిగానే మోగాయని విన్నాను.

తొందరలో మొదటి టంకం తీగ మీద కాకుండా సీటు మీద కార్చాను. కాక నా మణికట్టు పట్టుకున్నాడు. "నిమ్మలంగ చెయ్ బిడ్డా. ఎనిమిదేండ్లు ఆగినోన్ని, గంట ఆగనా?" అన్నాడు. ఆ క్షణంలో ఆయన కాళ్ల మీద పడాలనిపించింది, కానీ ఆ ఇరుకు సీట్లో కాళ్లు అందవు.

ఆకుపచ్చ దీపాలు వెలిగాయి. ఈసారి పది అడుగులు వెనక్కి పోలేదు. ముందుకు వంగి చూశాను. ఎర్ర గీతలు కాటుకలా నల్లగా, స్పష్టంగా కనబడుతున్నాయి. బొట్లు కూడా నల్లగా!

ఆఫీసరు సరిగ్గా పదకొండుకు వచ్చాడు, కోస్తా వైపు మనిషి. అన్నీ తట్టి, కదిపి, చివరికి దుప్పటి కింద దూరి దీపాలు వేయించాడు.

"గీతలు బాగా కనబడుతున్నాయండీ. కానీ ఈ నల్ల చుక్కలేమిటి?"

కాకకు అబద్ధం రాదు. "కుంకుమ సార్" అన్నాడు.

"కుంకుమ నల్లగా ఉంటుందా?"

బయటి నుంచి చిన్నమ్మ అందుకుంది. "దీపం ఎలిగితే దిష్టిచుక్క సార్, ఆర్పితే బొట్టు. రెండూ పనికొచ్చేటియే."

దుప్పటి కింద నుంచి ఆఫీసరు నవ్వు వినబడింది. బయటికొచ్చి, సంతకం పెట్టి, "దీపాలు ఎంచినవారెవరు?" అని అడిగాడు. కాక నా వైపు చెయ్యి చూపబోయాడు. నేను జీవితంలో మొదటిసారి గొప్ప వదులుకున్నాను. "చిన్నమ్మ సార్" అన్నాను.

ఊరి బయట మైదానానికి తీసుకుపోయి రెక్కలు బిగిస్తే, విమానం ఎగిరింది. కింద నిలబడి చూస్తూ నేను చిన్నపిల్లాడిలా ఏడ్చాను. కాక మాత్రం ఎప్పుడూ చీకటి పడకముందే దిగేవాడు. నా దీపాల మీద నమ్మకమో, భయమో, అడగలేదు.

తనిఖీ జరిగిన సాయంత్రమే దుకాణంలో గట్టిగా ఒట్టు వేశాను. ఇక మీదట ఏ దీపం పెట్టినా దాని అందం చూడను, అది చూపించేది చూస్తాను, చిన్నమ్మ కుంకుమ భరిణె లేకుండా స్విచ్ ముట్టను అని. ఒట్టుకు దీపం మీద చెయ్యి పెట్టాలి కదా, ఎదురుగా వెలుగుతున్న వంద వాట్ల బల్బు మీద పెట్టాను. బొబ్బ తగ్గడానికి వారం పట్టింది. ఎల్ఈడీ మీద పెట్టి ఉండాల్సింది.