ఆమెన్‌కి తెరుచుకున్న గేటు

డెల్మర్ క్రూస్ చేసేది ఒకే ఒక్క పని, గేటు లాగడం. నెబ్రాస్కా ఇసుకదిబ్బల మధ్య చర్చివాళ్లు పిల్లలకు కోడెలెక్కే ఆట నేర్పడానికి ప్రతి జూన్‌లో పదిరోజులు నడిపే రోడియో శిబిరంలో, ఇరుకు బోనులో నిలబెట్టిన కోడె మీదికి పిల్లలు ఒక్కొక్కరే ఎక్కుతారు. తాడులో చెయ్యి బిగించుకుని, సిద్ధమయ్యాక తల ఊపుతారు. అప్పుడు డెల్మర్ గేటు లాగుతాడు. ఆ తర్వాత పడకుండా నిలవాల్సిన ఎనిమిది సెకన్లూ ఆ పిల్లల అదృష్టం, దేవుడి దయ. చూసేవాళ్లకు ఇదీ ఒక పనేనా అనిపిస్తుంది. ఇరవై రెండేళ్లుగా చేస్తున్నవాణ్ని అడగాలి. ముందు తీస్తే ఎక్కినవాళ్ల ప్రాణం మీదికొస్తుంది, ఆలస్యం చేస్తే కోడె బోనులోనే వాళ్లను నలిపేస్తుంది. అందుకే గేటు దగ్గర నిలబడ్డవాడు కోడెనీ చూడడు, జనాన్నీ చూడడు. ఎక్కినవాళ్ల గడ్డాన్ని మాత్రమే చూస్తాడు.

అతనూ ఒకప్పుడు కోడెలెక్కినవాడే. ఇరవై నాలుగో ఏట తుంటి విరిగి ఒక కాలు పొట్టిదైంది. అప్పటినుంచి పశువులను పెంచుకుంటూ, చుట్టుపక్కల గాలిమరలు బాగుచేస్తూ బతుకుతున్నాడు. మనిషి మాటకారి కాదు, నవ్వించే రకమూ కాదు. కానీ ఆ ప్రాంతంలో ఇద్దరు కంచె హద్దు గురించి కొట్లాడుకుంటే, "డెల్మర్‌ని అడగండి, పాత స్తంభం ఎక్కడుండేదో చెప్తాడు" అంటారు. అతను చూపించిన చోట గుంత తవ్వుకుని ఎవరిదారిన వాళ్లు పోతారు. మళ్లీ కొలవరు. అరవై ఆరేళ్ల బతుకులో అతను కూడబెట్టుకున్నది ఆ ఒక్క మాటే. ఆ మాటనే అతను పోయిన జూన్‌లో పోగొట్టుకున్నాడు. పోయిన సంగతి అతనికి తప్ప మరొకరికి తెలియదు. అసలు బాధ అక్కడే ఉంది.

ఆ శిబిరానికి ఒక ఆచారం ఉంది. పిల్లలు కోడె మీద కూర్చున్నాక, ఇంకా చెయ్యి బిగించుకోకముందు, పాస్టర్ గ్లెన్ బోను పక్కనున్న చెక్కమీద నిలబడి వాళ్ల భుజం మీద చెయ్యి వేసి ప్రార్థన చేస్తాడు. అందరూ టోపీలు తీసి కళ్లు మూసుకుంటారు. డెల్మర్ ఒక్కడే మూసుకోడు. గేటు మనిషి కళ్లు మూసుకుంటే ఎలా? దేవుడు ఆ మాత్రం అర్థం చేసుకుంటాడని పాత పాస్టరే అతనికి సెలవిచ్చాడు.

పోయినేడాది ఆ మధ్యాహ్నం కోడె మీద ఉన్నది ఆడ్రా వెసెలీ. పదిహేడేళ్ల పిల్ల, నోట్లో నువ్వుగింజ నానదు, శిబిరం మొత్తంలో బాగా ఎక్కేది ఆమే. పడమర దిక్కున మబ్బులు నల్లగా లేస్తున్నాయి. ఇంకా ఆరుగురు పిల్లలు మిగిలే ఉన్నారు. పాస్టర్ గ్లెన్ మంచివాడే, కానీ ప్రార్థన మొదలుపెడితే ఎక్కడ ఆపాలో తెలియని మనిషి. ఆడ్రా క్షేమం అడిగాడు, ఆమె అమ్మమ్మ మోకాలి నొప్పి తగ్గించమన్నాడు, దేశాన్ని ఏలేవాళ్లకు బుద్ధినిమ్మన్నాడు. వాన కూడా అడిగాడు. 'ఆ వాన నీ నెత్తిమీదికే వస్తోంది, ఆమెన్ అనవయ్యా బాబూ' అని డెల్మర్ లోలోపల పళ్లు నూరుకున్నాడు.

ఎట్టకేలకు ఆమెన్ వచ్చింది. ఆడ్రా కూడా "ఆమెన్" అని తల వంచింది. డెల్మర్ చెయ్యి గేటు లాగేసింది.

లాగుతూ ఉండగానే అతనికి తెలిసిపోయింది. ఆ పిల్ల చెయ్యి ఇంకా తాడులో బిగియలేదు, కళ్లు కూడా తెరవలేదు. మొదటి గెంతుకే కింద పడింది. కోడె గిట్ట ఆమె మోచేతి మీద పడింది. డెల్మర్ కుంటికాలితోనే పరుగెత్తి, కోడె కాళ్ల మధ్య దూరి ఆమెను కంచె దాకా ఈడ్చుకొచ్చాడు.

అంబులెన్సు వెళ్లాక పాస్టర్ గ్లెన్ పాలిపోయిన ముఖంతో వచ్చాడు.

"డెల్మర్, నేను కళ్లు మూసుకుని ఉన్నా. అసలేం జరిగింది? పిల్ల తల ఊపిందా?"

"ఊపింది" అన్నాడు డెల్మర్.

తల కదిలిన మాట నిజమే కదా అని ఇంటికెళ్లేదాకా తనకు తాను సర్దిచెప్పుకున్నాడు. అది మర్నాటికి కూడా నిలబడలేదు. ఆసుపత్రి నుంచి పాస్టర్ కబురు తెచ్చాడు: "పాపం, ఆ పిల్ల కూడా అదే అంటోంది. తొందరపడి ఊపేసి ఉంటానంటోంది. నీకు మాట రాకూడదని మరీ మరీ చెప్పమంది."

ఆ రోజు నోరు విప్పి ఉంటే సరిపోయేది. విప్పలేదు. తేలు కుట్టిన దొంగలా ఊరుకున్నాడు. ఒకరోజు ఊరుకున్నవాడికి రెండోరోజు చెప్పడం మరింత కష్టం. శీతాకాలం వచ్చేసరికి అది అతనికి మింగలేని, కక్కలేని ముద్దయింది.

ఈ ఏడాది శిబిరం మొదటి రోజునే పాస్టర్ గ్లెన్ పిల్లలందరినీ కూర్చోబెట్టి పాఠం చెప్పాడు. "సిద్ధం కాకుండా తల ఊపకండి. పోయినేడాది ఆడ్రా అక్క చేసిన పొరపాటు మీరు చేయకండి." చిన్నపిల్లలందరూ వంటశాల కిటికీ వైపు తిరిగి చూశారు. ఆడ్రా ఈసారి కోడెలెక్కడానికి రాలేదు, వంటలో సాయానికి వచ్చింది. కిటికీలోంచే వంకర చెయ్యి ఎత్తి, "అవును, నేనే ఆ తెలివితక్కువదాన్ని!" అని నవ్వింది. పిల్లలూ నవ్వారు. డెల్మర్ నేల చూశాడు. పాఠం వినాల్సింది తను, వింటున్నది పిల్లలు.

వంటశాల పెద్ద డెల్మర్ భార్య ఆర్లిస్. ఆ పిల్ల దుంపల తొక్క తీయడానికి చెయ్యి పూర్తిగా చాచలేక ఎలా అవస్థ పడుతోందో ఆమె రోజూ చూస్తోంది. డెల్మర్ వంటశాల గడప తొక్కకుండా ట్రక్కు పక్కన నిలబడి తినడమూ చూస్తోంది.

"ఏమయ్యా, ఆ పిల్ల వడ్డిస్తే ముద్ద గొంతు దిగదా నీకు?" అంది అయిదోరోజున.

"లోపల ఉక్కగా ఉంది."

"ఉక్క లోపల కాదు, నీలో ఉంది. దాన్ని కాపాడినవాడివి, ఓసారి పలకరిస్తే నీ సొమ్మేం పోతుంది? పొద్దున్నే అడిగింది నన్ను, పెద్దాయనకు నామీద ఇంకా కోపమా అని."

"నాకెందుకు కోపం?"

"అదే నేనూ అన్నా. నమ్మలేదు."

డెల్మర్ పళ్లెం కిందపెట్టేశాడు. క్యాబేజీ, మాంసం కూరిన రొట్టె అతనికి ప్రాణం. సగం కూడా తినలేదు. చెప్పేద్దామని ఆర్లిస్ ముఖంలోకి చూశాడు. ఆమె అప్పటికే వెనక్కి తిరిగి వెళ్లిపోతోంది. అమ్మయ్య అనుకున్నాడు, అనుకున్నందుకు మళ్లీ సిగ్గుపడ్డాడు.

చివరి రోజు తల్లిదండ్రులు వస్తారు. భోజనాలకు ముందు చెక్కమెట్ల మీద అందర్నీ కూర్చోబెట్టి సాక్ష్యాలు చెప్పిస్తారు. దేవుడు తమకేం చేశాడో ఎవరికి తోచింది వాళ్లు చెప్పాలి. ఇద్దరు పిల్లలు చెప్పాక ఆడ్రా లేచింది.

"పోయినేడాది ఇక్కడే పడ్డాను, మీ అందరికీ తెలుసు. తొందర నా జబ్బు. మా అమ్మ చిన్నప్పట్నించీ మొత్తుకుంటూనే ఉంది. ఆ జబ్బు కుదర్చడానికే దేవుడు నన్ను పడేశాడనుకుంటున్నా. ఇంక కోడె ఎక్కను. నన్ను నేనే నమ్మలేనప్పుడు ఎలా ఎక్కను? నా తాడు మా పిన్ని కూతురికిచ్చేశా." డెల్మర్ కూర్చున్న వైపు తిరిగింది. "డెల్మర్ పెద్దాయన లేకపోతే ఇవాళ మాట్లాడేదాన్నే కాదు. ఆయనకు ఎప్పుడూ సరిగ్గా థాంక్స్ చెప్పలేదు. పెద్దాయనా, ఒకసారి లేవండి. అందరూ చప్పట్లు కొడతారు."

కొట్టారు. ఈలలు కూడా వేశారు. పక్కనున్నవాళ్లు భుజాలు పట్టి లేపితే డెల్మర్ లేచి నిలబడ్డాడు. ఆడ్రా తల్లి కళ్లు తుడుచుకుంటూ అందరికంటే గట్టిగా కొడుతోంది. అది అతను భరించలేకపోయాడు.

"ఆపండి" అన్నాడు. ఎవరూ వినలేదు. "ఆపండి!" అని అరిచాడు. ఆపారు.

"ఆ పిల్ల తల ఊపలేదు. ఆమెన్ అంది. ఆమెన్‌కి తల వంచింది. అది నేను చూశాను. చూసీ గేటు లాగాను."

ఆర్లిస్ వంటశాల గుమ్మంలో గరిటె పట్టుకుని నిలబడిపోయింది.

పాస్టర్ గ్లెన్ గబగబా ముందుకొచ్చాడు. "డెల్మర్, మనుషులన్నాక పొరపాట్లు..."

"గేటు లాగింది పొరపాటు, పాస్టర్ గారూ. ఊపిందని మీతో చెప్పింది పొరపాటు కాదు, అబద్ధం. ఏడాదిపాటు దాన్ని ఈ పిల్ల నెత్తిన పెట్టి నడిపించాను." ఆడ్రా వైపు తిరిగాడు. "నీకు తొందర లేదమ్మా. ఆ రోజు తొందరపడింది నేను."

ఆడ్రా ముఖంలో రంగు పోయింది. కుడిచేత్తో వంకర మోచేతిని పట్టుకుని అలాగే నిలబడింది.

పాస్టర్ కళ్లు చెమర్చాయి. ఆయనది నిజంగానే మెత్తని మనసు. "దేవునికి స్తోత్రం! ఇదే అసలైన సాక్ష్యం. ఆడ్రా, ఇలా రా అమ్మా. మీ ఇద్దరూ చేతులు కలపండి. క్షమించానని ఒక్కమాట చెప్పు, అందరం ప్రార్థన చేసుకుని భోజనాలకు లేద్దాం."

ఆయన ఒక చేత్తో డెల్మర్ చెయ్యి పట్టుకుని, రెండోది ఆమె వైపు చాపాడు. ఆడ్రా అందుకోలేదు.

"ఇప్పుడే కాదు, పాస్టర్ గారూ" అంది. "ఏడాదంతా నన్ను నేనే తిట్టుకున్నా. ఇంక కొన్నాళ్లు ఈయన్ని తిట్టుకుంటాను."

పాస్టర్ ఏదో అనబోయాడు. డెల్మర్ ఆయన చేతిలోంచి తన చెయ్యి మెల్లగా విడిపించుకున్నాడు.

"తిట్టుకో తల్లీ" అన్నాడు. "ఎన్నాళ్లు కావాలంటే అన్నాళ్లు."

ఆమె మెట్లు దిగి తల్లి దగ్గరికి వెళ్లిపోయింది. ఆ రోజు ఆ శిబిరంలో ప్రార్థన లేకుండానే భోజనాలు మొదలయ్యాయి.