ఆవిరి ఇంజిన్లకి వాస్తు

ఆ రోజుల్లో నాకు దేవుడి మీద కంటే క్యాలెండర్ మీద భక్తి ఎక్కువ. (ఇప్పటి పిల్లలకీ అంతేనట, మా టీమ్‌లో కొత్తగా చేరినవాళ్ళు చెబుతున్నారు.) అమెరికాలో ఎమ్మెస్ అయిపోయింది, చదివాక పని చేసుకోవడానికిచ్చే ఓపీటీ గడువు మొదలైంది, ఉద్యోగం ఒక్కటే రాలేదు. ఖాళీగా కూర్చున్న ప్రతి రోజూ గవర్నమెంటు లెక్కలోకి పోతుంది, ఆ లెక్క నిండిన రోజు పెట్టె సర్దుకోవాలి. జీతం లేకపోయినా సరే, చదువుకి సంబంధించిన పని చేస్తుంటే లెక్క ఆగుతుందని సీనియర్లు చెప్పారు. అలా నోవై అనే ఊళ్ళో, మోకాలి లోతు మంచులో, బ్రిటిష్ రైలింజిన్ల పాత ఫోటోలు స్కాన్ చేసి కంప్యూటర్లో పద్ధతిగా అమర్చే వాలంటీర్‌నయ్యాను. రైళ్ళ గురించి అప్పటికి నాకు తెలిసినవల్లా వెయిటింగ్ లిస్టూ, సమోసా.

ఆ ఫోటోలు బొగ్గు తాతవి. పేరు నేను పెట్టిందే, ఆయనకి తెలియదు. కుర్రతనంలో ఇంగ్లండ్ నుంచి వచ్చి, ఇక్కడి కార్ల కంపెనీలో ఇంజినీరుగా రిటైరైన మనిషి. ఆయనా స్నేహితులూ కలిసి ఒక రైళ్ళ క్లబ్బు నడిపేవారు. సభ్యులందరికీ తెల్లగడ్డాలు, చెవుల్లో మెషీన్లు. పొద్దున ఏ మాత్ర వేసుకున్నారో గుర్తుండదు గానీ, ఏ ఇంజిన్ ఏ షెడ్డులో పడుకునేదో మాత్రం కంఠతా వచ్చు. నా కంటికి అన్నీ ఒకటే: పొగగొట్టం, చక్రాలు, మసి. తొలికాలపు డీజిల్ ఇంజిన్లని మాత్రం గుర్తుపట్టేవాణ్ణి, అవి కనిపించగానే తాత మూతి ముడుచుకునేది. వాటిని బిస్కెట్ డబ్బాలనేవాడు. చరిత్ర కాబట్టి ఉంచుతున్నాను గానీ, లేకపోతే వీటిల్లో బిస్కెట్లే పోసుకునేవాణ్ణి అనేవాడు.

లైబ్రరీ హాల్లో ఆ ఫోటోలతో ఎగ్జిబిషన్ పెడదామనుకున్నారు. ఒకప్పుడు తాత కింద పనిచేసినాయన ఇప్పుడు అదే కంపెనీలో మేనేజరు. ఆయనా వస్తున్నాడు, నీ గురించి ఒక మాట చెబుతాను అన్నాడు తాత. ఆ మాటతో నాకు ఆవిరి ఇంజిన్ల మీద ఎక్కడ లేని ప్రేమా పుట్టుకొచ్చింది. ఇంతలో తాత మంచులో జారిపడి మోకాలు వాచి మంచమెక్కాడు. ఫోటోలు పెద్దవి చేయించి గోడకి పెట్టే బాధ్యతంతా నా మీద పడింది.

నేను అద్దెకున్నది ఒక తెలుగు ఆంటీ గారింటి బేస్‌మెంట్‌లో. వాస్తు కోసం ఫ్రిజ్‌ని ఇల్లంతా ఊరేగించి, చివరికి గరాజ్‌లో స్థిరపరిచిన ఆవిడ. ఓ సాయంత్రం సొరకాయ పులుసు గిన్నె పట్టుకుని కిందికి దిగి, లాప్‌టాప్‌లో నేను వేసుకున్న గోడ ప్లాన్ చూసి ఆగిపోయింది. ఇంజిన్లన్నీ ఎడమవైపుకే ముక్కు పెట్టి ఉన్నాయి. హాలు తలుపూ ఎడమవైపే.

"ఇవన్నీ బయటికి పోతున్నాయేంటి బాబూ? వచ్చే ఉద్యోగం కూడా వీటి వెనకాలే పోద్ది, చూస్కో," అంది.

నేను నవ్వాను. కంప్యూటర్ సైన్స్ చదివినవాణ్ణి, నవ్వక ఏం చేస్తాను? మూలిగే నక్క మీద తాటికాయ పడ్డట్టు మర్నాడు పొద్దున్నే ఒకేసారి రెండు రిజెక్షన్ మెయిళ్ళు వచ్చాయి. మధ్యాహ్నానికల్లా ఒక్కొక్క ఫోటోనే అద్దంలో బొమ్మలా తిప్పేయడం మొదలుపెట్టాను. తిప్పితే నంబర్లు తిరగబడ్డాయి. అసలు ఫోటోలోంచి నంబర్ కత్తిరించి, తెచ్చి అతికించాను. యూనివర్సిటీకి అంత ఫీజు కట్టి నేర్చుకున్న విద్య నా జీవితంలో మొట్టమొదట ఉపయోగపడింది దానికే. డీజిల్ ఇంజిన్ల దగ్గరే బుర్ర ఆగిపోయింది. వాటికి రెండువైపులా మొహాలే, ముందేదో వెనకేదో తేలలేదు. వాస్తు పుట్టుకతోనే కుదిరిన జాతి అనుకుని వదిలేశాను.

ఎగ్జిబిషన్ మొదటి రోజున తాత చేతికర్రతో వచ్చాడు. తెల్లగడ్డాలన్నీ గోడకి ముక్కులానించి చూడటం మొదలుపెట్టాయి. కాసేపటికి ఒకాయన, మన రైళ్ళు కుడి పట్టాల మీద ఎప్పటి నుంచి నడుస్తున్నాయని అడిగాడు. ఇంగ్లండులో రైలు ఎడమ పట్టాల మీద పోతుందట. నేను తిప్పిన రైళ్ళన్నీ అమెరికా పద్ధతిలో కుడిపక్కన పరుగెడుతున్నాయి. (నాకు వీసాకే దిక్కులేదు గానీ, వాటికి సిటిజన్‌షిప్ ఇప్పించేశాను.) తాత గోడ వెంట నడుచుకుంటూ వెళ్ళి ఒక ఫోటో ముందు నిలబడ్డాడు. ఇంజిన్ కిటికీలోంచి టోపీ పెట్టుకున్న మనిషి బయటికి వంగి చూస్తున్న ఫోటో అది.

"ఈయన మా నాన్న. డ్రైవర్ నిలబడేది ఎడమపక్క. కుడిపక్క నిలబడి బొగ్గు వేసేవాడు ఫైర్‌మన్. ఆ పక్క నుంచి ఈ పక్కకి రావడానికి మా నాన్నకి సగం జీవితం పట్టింది. డ్రైవరయ్యాడని ఈ ఫోటో నేనే తీశాను. నువ్వు మళ్ళీ ఆయన చేతికి పార ఇచ్చావు," అన్నాడు.

కోప్పడి ఉంటే బాగుండేది. మామూలుగా చెప్పాడు, నాకు ఏడుపొచ్చింది. ఎందుకు తిప్పావని అడిగితే, తాడిచెట్టు ఎందుకెక్కావంటే దూడగడ్డి కోసం అన్నవాడి సమాధానమే నా దానికంటే నయం. ఉన్నది ఉన్నట్టు చెప్పాను. తలుపు, ఇంజిన్ ముక్కు, ఉద్యోగం, అన్నీ. మరి డీజిల్స్‌ని ఎందుకు వదిలేశావని ఎవరో అడిగారు. ముందేదో తెలియలేదండీ అన్నాను. హాలంతా గొల్లుమంది. ఎగ్జిబిషన్ మొత్తంలో సరిగ్గా ఉన్నవి ఆ బిస్కెట్ డబ్బాలొక్కటే. మేనేజరు గారైతే కళ్ళు తుడుచుకునేదాకా నవ్వి, నా భుజం తట్టి, అదృష్టం కోసం ఫోటోలు తిప్పేవాడు రేపు బ్రేకుల టెస్టు రిజల్ట్స్ కూడా తిప్పుతాడు, సారీ అని మర్యాదగా వెళ్ళిపోయాడు. న్యాయమే. నేనైనా తీసుకోను.

రెండో రోజుకల్లా అన్నీ మళ్ళీ తిప్పి, ప్రింట్లు వేయించి, హాలు తెరవకముందే పట్టుకెళ్ళాను. తాత అప్పటికే వచ్చి బయట చలిలో నిలబడి ఉన్నాడు. ఉద్యోగం సంగతి ఎత్తే మొహం నాకు లేదు. (చివరికి ఇంకో రాష్ట్రంలో, హెర్న్‌డన్‌లో వచ్చింది లెండి. తాత ఆ తర్వాత నా కోసం చేసిన ఫోన్లకీ దానికీ ఏ సంబంధమూ లేదు, ఆ సంగతి ఆయనకి చెప్పలేదు. ఆంటీకీ చెప్పలేదు, ఆవిడ ఆ ఉద్యోగాన్ని తన వాస్తు ఖాతాలో వేసేసుకుంది.) ఇప్పుడు అప్పటి నన్ను, ఆ కుర్రాణ్ణి, తలుచుకుంటే నవ్వొస్తుంది. తన మీద తనకి తప్ప లోకంలో అన్నిటి మీదా, చివరికి గోడమీది రైలు మీద కూడా నమ్మకం ఉండేది వాడికి. దగ్గర ఉంటే ఒకటి పీకి, తర్వాత కాఫీ ఇప్పించేవాణ్ణి. కానీ ఆ ఉదయం వాడి పక్కన నిలబడ్డది నేను కాదు, తాత. వాళ్ళ నాన్న ఫోటో తన చేత్తోనే తగిలించి, వంకర లేకుండా సరిచేసి, కాసేపు చూసి, నా వైపు తిరిగాడు.

"ఆయన ఉద్యోగం ఆయనకి వచ్చేసింది. ఇక నీది చూద్దాం పద," అన్నాడు.