బ్రేకు లేని కారు

మొగులయ్యన్న చేతిలో స్టీరింగ్ ఉన్నన్నాళ్ళు నయాపూల్ మీద మా సిటీ బస్సును చూసి రిక్షావాళ్ళు కూడా దారిచ్చేవారు. నేను ఆ బస్సు కండక్టర్ని, పేరు ప్రకాశం, కాబట్టి గొప్పలు చెప్పుకునే హక్కు నాకుంది. అంత రద్దీలోనూ నిలబడ్డ ముసలమ్మ తూలిపడకుండా నడిపేవాడు. అలాంటి మనిషిని తీసుకెళ్ళి డిపో గేటు దగ్గర స్టూలు మీద కూర్చోబెట్టారు. తలచుకుంటే నాకు ఇప్పటికీ ఒళ్ళు మండుతుంది.

జరిగిందల్లా ఒక తోపుడు బండికి బస్సు రాసుకోవడం. అరటిపళ్ళు రోడ్డు పాలయ్యాయి, అంతే. అడ్డమొచ్చింది వాడేనని మొగులయ్యన్న ఆ బండివాణ్ణి నోటికొచ్చినట్టు తిట్టాడు. డిపోవాళ్ళు పంపిన డాక్టరు మాత్రం అన్న కళ్ళు చూసి, కుడివైపు చూపు పోయిందని రాసిచ్చాడు. మేమంతా డాక్టర్నే తిట్టాం. మళ్ళీ పరీక్ష పెట్టమని అన్న అర్జీ పెట్టుకుంటే దసరా మర్నాడు రమ్మన్నారు. అందులో గట్టెక్కితే స్టీరింగ్, లేకపోతే రిటైరయ్యేదాకా గేటే.

ఆ రోజుల్లోనే అన్న భార్య రాజమణి వదిన తమ్ముడు బీరయ్య దుబాయ్ నుంచి వచ్చాడు. టేప్‌రికార్డరు, సెంటు సీసాలతో పాటు అరచేతిలో పట్టే కారాట ఒకటి తెచ్చాడు. బూడిదరంగు అద్దంలో మూడు దారులు, పైనుంచి దిగివచ్చే కార్లు. రెండు మీటలు నొక్కుతూ మన కారును అటూ ఇటూ తప్పించుకోవాలి. పిల్లల కోసం వచ్చిన ఆ వస్తువు పిల్లలకు మళ్ళీ దక్కలేదు. కంటికి కసరత్తు అని అన్న లాగేసుకున్నాడు.

మెచ్చుకోవాలంటే దాన్లో చాలా ఉంది. డీజిలు పొయ్యక్కర్లేదు. ఫుట్‌బోర్డు మీద ఎవడూ వేలాడడు. గుద్దినా ఎవడూ వచ్చి కాలర్ పట్టుకోడు, మీట నొక్కితే ఇంకో కారు వస్తుంది. గేటు దగ్గర ఎండలో అన్నకు అదొక్కటే సుఖం. కానీ కిషన్‌బాగ్‌లో వాళ్ళింటికి వెళ్ళినప్పుడల్లా నాకు తిట్లే వినిపించేవి.

"బ్రేకు లేదు, హారను లేదు. గిదేం బండి ప్రకాశం? సాలె, పోంగ పోంగ జోరు పెంచుడే!"

"ఆట గదన్నా. ఫికర్ జెయ్యకు."

"కుడిదిక్కు మాల్ ఖరాబున్నది. కారు రాకముందే గుద్దినట్టు సూపిస్తది."

నేనూ నమ్మాను. దుబాయ్ సరుకు ఇంతేనా అని బీరయ్యను ఎగతాళి కూడా చేశాను.

దసరా పొద్దున డిపోలో డ్రైవర్లు ఎవరి బస్సుకు వాళ్ళే పూలదండ కట్టి, అద్దానికి కుంకుమబొట్టు పెట్టి, టైర్ల కింద నిమ్మకాయలు తొక్కిస్తారు. మా బస్సుకు ఆ ఏడు కొత్త డ్రైవరు ప్రహ్లాద్ బొట్టు పెట్టాడు. అన్న అది చూడలేక ఇంటిదారి పట్టాడు, నేను వెంట వెళ్ళాను. చూస్తే, దేవుడి ముందు పీట మీద కారాట! పక్కన బంతిపువ్వు, అద్దం మీద రూపాయి బిళ్ళంత బొట్టు.

"రేపు నీ స్టీరింగ్ నీకొస్తది. అప్పటిదాంక గిదే నీ బండి," అంది వదిన.

అన్న ముఖం విప్పారింది. ఆట చేతిలోకి తీసుకుని మీటలు నొక్కడం మొదలుపెట్టాడు. బొట్టు కుడిపక్క దారిని పూర్తిగా కప్పేసింది. పూజ చేసిన బొట్టు కదా, చెరపడం ఇష్టం లేదేమో అనుకుని నవ్వాను.

"అన్నా, బొట్టు జరంత తుడువు. ఆట ఎట్ల కనబడ్తది?"

"ఏం బొట్టు?" అన్నాడు తల ఎత్తకుండా.

వదిన చేతిలో హారతి పళ్ళెం అలాగే ఆగిపోయింది. అన్న మా ఇద్దరి ముఖాలూ చూశాడు. అద్దం మీద వేలు పెట్టి మెల్లగా కుడివైపుకు జరిపి, ఆ వేలిని కళ్ళ ముందుకు తెచ్చుకున్నాడు. ఎర్రగా ఉంది.

"నాదే తప్పు, కుంకుమ ఎక్కువ పెట్టిన," అంటూ వదిన ఏడవసాగింది.

"మంచిగనే పెట్టినవ్," అన్నాడు అన్న. వేలు తుడుచుకుంటూ, "గా బండోన్ని ఉత్తగ తిట్టిన," అన్నాడు.

మర్నాడు పరీక్షకు పోలేదు. డ్యూటీ టైముకు ముందే గేటు దగ్గర ఉన్నాడు. ప్రహ్లాద్ బస్సు బయటికి తీస్తున్నాడు, నేను ఫుట్‌బోర్డు మీద నిలబడ్డాను. అన్న గేటు తెరిచి, పొమ్మని చెయ్యి ఊపబోయి ఆగాడు.

"ప్రకాశం, కుడిదిక్కు ఎవలన్న వస్తున్నరా, జర సూడు."