కాలవ దాటిన ఐదో తరగతి

1934 జూన్‌లో నన్ను తాడేపల్లిగూడెం బాలికల బోర్డింగు స్కూలు నుంచి కొల్లేటి లంకలోని ఒక మిషను ఎలిమెంటరీ స్కూలుకి హెడ్ మిస్ట్రెస్‌గా బదిలీ చేశారు. హోదా పేరుకే పెద్దది. స్కూలు మొత్తానికి టీచరుని నేనొక్కదాన్నే. ఏలూరు నుంచి బండి మీద పెదపాడు దాటి, ఆపైన తాటిదోనెలో వెళ్ళాలి.

ఆ ఊళ్ళో క్రైస్తవ పేటలు రెండు, మధ్యన మురుగుకాలవ. ఉత్తరాన మాది, తలమీద నీళ్ళు చిలకరించి బాప్తిస్మమిచ్చే మిషను. దక్షిణాన ఉన్నది నీళ్ళలో ముంచి ఇచ్చే మిషను. ఎవరి గుడి వారిది, ఎవరి బడి వారిది. ఒకరి పిల్లల్ని మరొకరు చేర్చుకోకూడదని రెండు మిషన్ల దొరలూ ఎప్పుడో కాగితం రాసుకున్నారు. చేపల వేటకి లేని సరిహద్దు పలకా బలపాలకి వచ్చింది.

ఆగస్టులో డిప్యూటీ ఇన్‌స్పెక్టరుగారు తనిఖీకి వచ్చారు. మిషను బడికైనా సర్కారు గుర్తింపు ఇచ్చేది ఆయనే. ఐదో తరగతిలో పదిమందైనా లేకపోతే వచ్చే నెల నుంచి ఆ తరగతి ఎత్తేస్తానన్నారు. నా దగ్గర ఏడుగురు, కాలవ అవతలి బడిలో దానియేలు మాస్టారి దగ్గర ఆరుగురు. తరగతి పోతే మగపిల్లల్ని దోనెక్కించి పెదపాడు పంపుతారు. నా ఏడుగురిలో నలుగురు ఆడపిల్లలు. వాళ్ళని ఎవరూ పంపరు, మర్నాటి నుంచే నాట్లకి తీసుకుపోతారు. అందులో రూతమ్మకి టీచరు కావాలని ఆశ. ఐదు ప్యాసైతేనే బోర్డింగులో చేర్చుకుంటారు.

నాకు ఒళ్ళు మండింది. ఆ సాయంత్రమే తాటిదుంగ మీద కాలవ దాటి మాస్టారి దగ్గరికి వెళ్ళాను. నాకన్నా ఇరవయ్యేళ్ళు పెద్దాయన. ఐదో తరగతంతా నా బడికి, నాలుగో తరగతంతా ఆయన బడికి మార్చేద్దామన్నాను.

"మీ దొరగారు ఊరుకుంటారాండీ?" అన్నారాయన.

"ఊరుకోరండి. మీ దొరగారో?"

"ఆయనా ఊరుకోరండి."

"ఇద్దరూ ఊరుకోనప్పుడు ఇక అడగడం ఎందుకండీ?"

ఆయన నవ్వి, రేపు పొద్దున్నే పంపిస్తానన్నారు. అలా నా రిజిస్టరులో పదమూడు పేర్లయ్యాయి. ఇన్‌స్పెక్టరుగారికి కావలసింది తలలు. మిషను ఏదైనా ఆయనకి ఒకటే. గుర్తింపు నిలిచింది.

చిక్కు వేదపాఠం దగ్గర వచ్చింది. ప్రతి మిషనుకీ ఒక ప్రశ్నోత్తరాల పుస్తకం ఉండేది, పిల్లలు కంఠతా పట్టాలి. బాప్తిస్మం ఎలా ఇవ్వాలన్న ప్రశ్నకి మా జవాబు వేరు, వాళ్ళ జవాబు వేరు. ఏది మానిపించినా ఒక పేట కయ్యానికొస్తుంది. అందుకని రెండూ అందరికీ నేర్పి, నా తెలివికి నేనే మురిసిపోయాను.

డిసెంబరులో మా మేనేజరు దొరగారు వేదపాఠ పరీక్ష చెయ్యడానికి వచ్చారు. మిషను తరఫున మా స్కూళ్ళన్నిటికీ పై అధికారి ఆయనే. సరిగ్గా ఆ ప్రశ్నే అడిగారు. రూతమ్మ లేచి చేతులు కట్టుకుని, "కాలవకి ఇవతలి జవాబు చెప్పమంటారాండీ, అవతలిదాండీ? నాకు రెండూ వచ్చండి" అంది.

దొరగారి మొహం కందగడ్డయింది. రిజిస్టరు తెప్పించుకుని, "ఈ ఆరుగురు మన మిషను వారు కారు. వీరి పేర్లు ఇప్పుడే కొట్టివేయుము" అని పుస్తకాల తెలుగులో ఆజ్ఞాపించారు. ఆరు పోతే మిగిలేది ఏడు. తరగతి పోయినట్టే. రూతమ్మ ఇంకా నిలబడే ఉంది.

మా రిజిస్టర్లలో పేరు కొట్టేస్తే పక్క గడిలో ఎర్రసిరాతో కారణం రాసి సంతకం పెట్టాలి. నేను ఎర్రసిరా కలం దొరగారి ముందు పెట్టాను.

"ఊరు విడిచారనో, చనిపోయారనో రాస్తామండి. వీళ్ళు మీ కళ్ళెదుటే కూర్చున్నారు. ఏ కారణమో మీరే రాసి సంతకం పెట్టండి. ఇన్‌స్పెక్టరుగారు అడిగితే చూపించాలి" అన్నాను. కలం వెనక్కి తీసుకోలేదు.

"నీ ఉద్యోగము సంగతి ఆలోచించితివా?" అన్నారు.

ఆలోచించానన్నాను.

అంతలో కబురందుకున్న దానియేలు మాస్టారు తన రిజిస్టరు చంకన పెట్టుకుని వచ్చారు. "ఇందులో నాలుగో తరగతిలో మీ పిల్లలు తొమ్మిదిమంది ఉన్నారండి. వాళ్ళకీ మీరే కారణం రాసెయ్యండి" అని దాన్ని కూడా తెరిచి బల్లమీద పెట్టారు. దొరగారు రెండు రిజిస్టర్లూ చూశారు. కలం ముట్టుకోలేదు. టోపీ పెట్టుకుని దోనె ఎక్కారు.

వారం తిరక్కుండా నన్ను అత్తిలికి బదిలీ చేస్తూ ఉత్తర్వు వచ్చింది. ఏప్రిల్ పరీక్షలయ్యాకే కదులుతాననీ, కాదంటే ఉద్యోగం తీసెయ్యమనీ జవాబు రాశాను. తియ్యలేదు. మాస్టారిని వాళ్ళ మిషను ఏడాదిపాటు గుడిలో వాక్యం చెప్పనివ్వలేదు. తప్పయిందని రాసిమ్మని మా ఇద్దరినీ ఎవరి మిషను వారు అడిగారు. మేమిద్దరమూ రాసివ్వలేదు. పరీక్షలయ్యాక రూతమ్మని తాడేపల్లిగూడెం బోర్డింగులో చేర్పించి, అటునుంచి అటే అత్తిలి వెళ్ళి పనిలో చేరాను.

ఆ తరువాతి సర్వీసులో పిల్లల పేర్లు కొట్టెయ్యమన్న పెద్దలు చాలామంది వచ్చారు. కులమన్నారు, పేట అన్నారు, ఆడపిల్ల అన్నారు. నేను ఎవరితోనూ వాదించలేదు. కారణం రాసే గడి చూపించి, కలం వాళ్ళ చేతికే ఇచ్చాను. అందుకుని రాసినవారు ఒక్కరూ లేరు.