గోడౌన్ గోడకు ఆనుకున్న ఇల్లు

పోయిన నెల ఒక ఆదివారం మా వదిన, అంటే నా భార్య అక్క, కూతురు ఫోన్ చేసింది. ఆమె భర్తకు జహీరాబాద్‌కు బదిలీ అయిందట. ఒడిలో నెల రోజుల బాబు. "బాబాయ్, నువ్వు అక్కడ చానా ఏండ్లు ఉన్నవు గదా. చిన్నపిల్లగానితోని ఉండేతందుకు ఏ ఏరియా మంచిది? ఏది సేఫ్?" అని అడిగింది. నేను పెద్దమనిషి గొంతు తెచ్చుకుని రైల్వే గేటుకు ఇటు పక్క ఎలా ఉంటుంది, అటు పక్క ఎలా ఉంటుంది, నీళ్లు ఎక్కడ రోజూ వస్తాయి, హైవే మీది లారీల మోత ఎంతదాకా వినిపిస్తుంది, అన్నీ చెప్పుకుంటూ పోయాను. చివరికి, "తోడు ఎవరొస్తున్నరు? అమ్మమ్మను తీస్కపో" అన్నాను. అవతల చిన్న నవ్వు. "అమ్మమ్మ ఎక్కడొస్తది బాబాయ్? చిన్నపిల్లలున్న కాడ నేనుండ అంటది. గా వస సంగతి నీకు తెల్వంది ఏమున్నది?"

నిజమే, నాకు తెలియనిది ఏమీ లేదు. వసకొమ్మును తల్లిపాల చుక్కతో సానరాయి మీద అరగదీసి, పసిపిల్లల నాలుకకు రాస్తారు, మాటలు స్పష్టంగా వస్తాయని. మా అత్తమ్మ వస రాయడం వల్ల మా పాప చావు దాకా పోయి వచ్చిందని మా బంధువులందరికీ తెలుసు. పెళ్లిళ్లలో, పురుళ్లలో ఆ ముచ్చట వస్తూనే ఉంటుంది. అది నిజం కాదు. నిజం కాదని పన్నెండేళ్లుగా తెలిసినవాణ్ణి చుట్టాలలో నేనొక్కణ్ణే. అందుకే ఇది రాస్తున్నాను.

అప్పుడు నేను హైదరాబాద్‌లో ఒక ఫ్యాక్టరీ స్టోర్స్‌లో పనిచేసేవాణ్ణి. జహీరాబాద్ దగ్గరి యూనిట్‌కు వెళ్లమన్నారు. పాపకు నలభై అయిదు రోజులు. కాన్పుకని రాయికోడ్ నుంచి వచ్చిన అత్తమ్మ మాతోనే ఉన్నది. ఇల్లు చూడటానికి ఒక ఆదివారం పొద్దున నేనొక్కణ్ణే బస్సు దిగాను. తండ్రి అయ్యాక మనిషికి ధైర్యం వస్తుందని అంటారు. నాకు మాత్రం అప్పటిదాకా లేని భయాలన్నీ వచ్చాయి. పిల్లలను ఎత్తుకుపోయేవాళ్లు తిరుగుతున్నారని ఫోన్‌లో వచ్చిన ప్రతి మెసేజీ నా కోసమే వచ్చిందనుకునేవాణ్ణి. ఒక్కొక్క గల్లీ మొదట్లో నిలబడి కుక్కలను లెక్కపెట్టాను. ఒక గల్లీలో ఏడు తేలాయి. తర్వాత చూస్తే అందులో ఒకటి నా వెనకాలే తిరుగుతున్నది, దాన్ని మూడుసార్లు లెక్కపెట్టాను.

మొదట చూసిన ఇల్లు పాత బస్తీలో, ఒక ముస్లిం పెద్దమ్మది. పైన రెండు అర్రలు. ఆమె నా ఉద్యోగం అడగలేదు, జీతం అడగలేదు. "బచ్చీ ఏ దిక్కు పండుకుంటది బేటా? గీ గోడకు పండబెట్టు. పొద్దటి ఎండ ఒస్తది, సర్దీ కాదు" అన్నది. కింద తాను, తన కోడలు, ఇద్దరూ పగలంతా ఇంట్లోనే ఉంటామని, ఏమన్నా అయితే కేకేస్తే చాలని చెప్పింది. నేను గల్లీ ఇరుకు చూశాను, పక్కింటి గుమ్మంలో కూర్చున్న నలుగురు కుర్రాళ్లను చూశాను, నాకు సరిగా రాని ఉర్దూను విన్నాను. ఇంటికి వచ్చి నీళ్లు రావట అని చెప్పాను. నీళ్లు బాగానే వస్తాయి. ఆ అబద్ధం చిన్నది, తర్వాతివాటి ముందు లెక్కలోకి రాదు, అయినా రాస్తున్నాను. రెండో ఇల్లు హైవే అవతల కొత్త ప్లాట్లలో. చుట్టూ ముళ్లకంప, ఎర్రమట్టి దిబ్బలు. ఓనరు ఎంతో నమ్మకంగా, "పాములు ఎక్కువ లేవు సార్" అన్నాడు. ఆ 'ఎక్కువ' అన్న మాట విని వెనక్కి తిరిగాను.

మూడోది కందులు, పెసర్లు కొనే ఒక సేటుగారిది. ముందు పెద్ద గోడౌన్, దానికి ఆనుకుని వెనక ఇల్లు. రెండింటికీ కలిపి నిలువెత్తు ప్రహరీ, ఇనుప గేటు, గేటు దగ్గర వాచ్‌మన్, మూలకు కెమెరా. నా ప్రాణం లేచివచ్చింది. గోడౌన్ అంటే నాకు బెరుకు ఎందుకుంటుంది, రోజుకు పన్నెండు గంటలు గోడౌన్‌లో బతికేవాణ్ణి. అడ్వాన్స్ ఇచ్చి వచ్చాను. సామాన్లు దింపిన రోజు నా భార్య అర్రలన్నీ తిరిగి, "గోనెసంచుల వాసన గొడ్తున్నది. గా గోడ అవుతల ఏమున్నది?" అని అడిగింది. "కందులు. నీకు పప్పుకు కొదవ లేదు" అన్నాను. అత్తమ్మ నవ్వింది కానీ ఆమె నవ్వలేదు. మంచం వేయడానికి వేరే చోటు లేక పాపను ఆ గోడ పక్కనే పండబెట్టాము.

జహీరాబాద్ చలి నాకు అప్పటిదాకా తెలియదు. సాయంత్రం అయిదింటికే కిటికీలు మూసేవాళ్లం, సందుల్లో పాతబట్టలు కుక్కేవాళ్లం. అత్తమ్మ నిప్పుల కుంపటి అరుగు మీదనే ఉంచేది, పొగ పిల్లకు తగలొద్దని. అంత జాగ్రత్త మనిషి. మూడు వారాలు గడిచాయి. ఒక రోజు డ్యూటీకి పోతుంటే వాచ్‌మన్ గేటు తీస్తూ నన్ను ఆపాడు.

"సార్, ఇయ్యాల మాపటికి కందులల్ల మందు గోలీలు పెడ్తున్నరు. పురుగు పట్టకుంట. అయిదు రోజులు మీరు ఊరికి పోతే మంచిగుంటది."

"గోలీలు పెడితే మేమెందుకు పోవాలె?"

"గ్యాస్ ఒస్తది గద సార్. మీకన్న ముందటోళ్లు గిట్లనే పోయి ఒచ్చిన్రు. మీ ఇంట్ల శంటిపిల్ల ఉన్నదాయె."

సేటుగారికి ఫోన్ చేశాను. సంచుల మీద టార్పాలిన్ కప్పి అంచులకు మట్టి పోస్తామని, గోడకు రెండు పూతల సిమెంటు ఉందని, ఇన్నేళ్లలో ఎవరికీ ఏమీ కాలేదని ఆయన చెప్పారు. మరి ముందటి వాళ్లు ఎందుకు వెళ్లారని నేను అడగలేదు. రాయికోడ్ ఎంతో దూరం లేదు. ఒక మాట చెబితే అత్తమ్మ అప్పుడే మూట కట్టేది. కానీ చెబితే, పాత బస్తీ ఇల్లు వద్దని, ముళ్లకంప ఇల్లు వద్దని, భద్రం భద్రం అంటూ నేను ఏరి ఏరి తెచ్చిన ఇల్లు ఇదీ అని నా భార్య ముఖం మీద చదవాలి. అంత చలిలో పసిపిల్లను బస్సులో తిప్పితే జలుబు చేస్తుందని నాకు నేనే చెప్పుకున్నాను. అది నిజమైన భయమేననిపించింది. భయాలు చాలా ఉన్నవాడికి ఒక సౌకర్యం ఉంది, కావలసినప్పుడు కావలసిన భయాన్ని తీసి వాడుకోవచ్చు.

ఆ సాయంత్రం ఇంటికి వచ్చేసరికి గోడౌన్ తలుపు సందులకు కాగితాలు అంటించి ఉన్నాయి. లోపలికి అడుగు పెట్టగానే అత్తమ్మ, "ఎల్లిగడ్డ వాసన ఒస్తున్నది అల్లుడా, కుళ్లిన ఎల్లిగడ్డ" అన్నది. నాకూ ఆ వెల్లుల్లి కంపు కొట్టింది, గోలీలదేనని తోచింది. "పక్కింట్ల పోపు పెట్టిన్రు" అన్నాను. పక్క ఇల్లు అనేదే లేదు మాకు, ప్రహరీ ఉంది. రెండు అగరుబత్తులు వెలిగించి గోడ దగ్గర పెట్టాను. ఒక కిటికీ ఓరగా తీశాను. చలి వస్తుందని నా భార్య మూసేసింది. ఎందుకు తీశారని ఆమె అడిగితే చెప్పేవాణ్ణేమో. అడగలేదు.

తెల్లవారేసరికి నా తల దిమ్ముగా ఉంది. అత్తమ్మ కడుపులో తిప్పుతున్నదని కూర్చుండిపోయింది. పాప పాలు తాగలేదు. పట్టించిన కొద్దిపాటివీ కక్కేసింది. ఏడవలేదు. అది నన్ను భయపెట్టింది. రోజూ గోడలు అదిరేట్టు ఏడ్చే పిల్ల, తడి గుడ్డలా చేతిలో వాలిపోయింది. పెదవులు నేరేడుపండు తిన్నట్టు ఉన్నాయి. చిన్న ఛాతీ మాత్రం గబగబా ఎగిరిపడుతున్నది. ఆటోలో దవాఖానకు పోతున్నంతసేపూ నా భార్య, "చూడున్రి, ఊపిరి తీస్తున్నదా?" అని అడుగుతూనే ఉన్నది. నేను చూసి "తీస్తున్నది" అంటూనే ఉన్నాను.

డాక్టరమ్మ చిన్న వయసు మనిషి. స్టెతస్కోపు పెడుతూనే, "పాలు గాక ఇంకేమన్న పెట్టిన్రా?" అని అడిగింది.

అత్తమ్మ ముందుకు వచ్చింది. "నిన్న పొద్దుగాల్ల జరంత వస రాసిన డాక్టరమ్మా. నా పిల్లలందరికి రాసిన."

"ఎందుకు రాస్తరమ్మా గివన్ని? ఎన్నిసార్లు చెప్పాలె?" అని కసిరి, ఆమె నా వైపు తిరిగింది. "ఇంట్ల పురుగుల మందు గిట్ల ఏమన్న వాడిన్రా?"

"లేదు" అన్నాను.

ఆలోచించి అన్నానని కూడా చెప్పలేను. నా భార్య పక్కనే ఉన్నది, అత్తమ్మ పక్కనే ఉన్నది, నోరు దానంతట అదే అన్నది. వాళ్లు పాపను లోపలికి తీసుకుపోయారు. బయట బల్ల మీద నా భార్య తల్లిని, "నిన్నెవరు రాయమన్నరే? ఎవరడిగిన్రు నిన్ను?" అని నిలదీసింది.  అత్తమ్మ వస రాసిన వేలిని కొంగుకు తుడుస్తూ కూర్చుంది. ఏమీ లేని వేలిని, తుడిచిందే తుడిచింది. ఎదుట గోడకు గడియారం. అరగంట గడిచింది. ఆ అరగంటలో నా బిడ్డ చచ్చిపోతే అది నా మాట వల్లనే అని నాకు స్పష్టంగా తెలుసు. తెలిసీ కూర్చున్నాను. నర్సు బయటికి పరుగున వచ్చి ఇంకో సిలిండరు తెమ్మని అరిచినప్పుడు లేచాను. డాక్టరమ్మను లోపలి గదిలో పట్టుకుని గోడౌన్, గోలీలు, వాసన, అన్నీ చెప్పాను.

ఆమె నన్ను చూసిన చూపు ఇప్పటికీ గుర్తే. "అరగంట నుంచి నేను వేరే దారిల పోతున్న. మీరు చదువుకున్నోళ్లేనా?" అన్నది. వెంటనే సంగారెడ్డిలో ఎవరో పెద్ద డాక్టరుకు ఫోన్ చేసి నిలబడే మాట్లాడింది. ఆ పగలంతా ఆమె పాప మంచం దగ్గర నుంచి కదల్లేదు. పొద్దుగూకే వేళకు లోపలి నుంచి సన్నగా పిల్లిపిల్ల కూతలా ఏడుపు వినిపించింది. నా భార్య గోడకు జారగిలబడి అక్కడే కూలబడిపోయింది. డాక్టరమ్మ బయటికి వచ్చి నాతో మెల్లగా, "ఆ ఇంటికి మళ్ల పోవద్దు. ఇంట్లోళ్లకు మీరే చెప్పున్రి" అన్నది. "చెప్త" అన్నాను.

ఆ ఒక్క మాటకు పన్నెండేళ్లు పట్టింది. ఆ ఇల్లు అచ్చిరాలేదని ఇంట్లో చెప్పి, దవాఖాన నుంచి నేరుగా రాయికోడ్ పోయాము. కొత్త ఇల్లు దొరికేదాకా నేను అక్కడి నుంచే బస్సులో తిరిగాను. సేటుగారితో గొడవ పెట్టుకోలేదు, పెట్టుకుంటే సంగతి ఇంట్లో తెలుస్తుంది. అడ్వాన్స్ కూడా అడగకుండా తాళంచెవి ఇచ్చేశాను. నా తర్వాత ఆ ఇంట్లో ఎవరు దిగారో, వాళ్లకు పిల్లలున్నారో లేదో కనుక్కోలేదు. చూడటానికి వచ్చిన చుట్టాలు "ఏమైంది?" అని అడిగితే నా భార్య వస అని చెప్పేది, నేను కిందికి చూసేవాణ్ణి. అత్తమ్మను తిట్టొద్దని అందరికీ సర్దిచెప్పేవాణ్ణి కూడా. ఎంత మంచి అల్లుడని నాకు పేరొచ్చింది.

ఫోన్ వచ్చిన ఆదివారమే మోటార్ సైకిల్ తీసి, నా భార్యను రాయికోడ్‌కు బయలుదేరదీశాను. దారిలో చెరుకు తోటల దగ్గర బండి ఆపి ఆమెకు చెప్పాను. ఆమె కొంగు బిగించుకుని మళ్లీ బండి ఎక్కింది. "నాకు గాదు, మా అమ్మకు చెప్పున్రి" అన్నది. మిగతా దారంతా నన్ను పట్టుకోకుండా వెనక కడ్డీ పట్టుకుని కూర్చుంది.

అత్తమ్మ వాకిట్లో చింతపండు గింజ తీస్తున్నది. ఎదురుగా కింద కూర్చుని మొదటి నుంచి చెప్పాను. చెయ్యి ఆపకుండా విన్నది.

"అయితే వసతోని కాలేదా?"

"కాలేదు అత్తమ్మా."

"డాక్టరమ్మకు తెలుసా?"

"తెలుసు."

"ఆమెకు తెలుసు, నీకు తెలుసు. నాకు తెల్వదు." అప్పుడు చెయ్యి ఆగింది. "ఎల్లిగడ్డ వాసన అని నేనన్న గద."

"అన్నరు."

"నా చెయ్యే మంచిది గాదనుకున్న అల్లుడా. ఇన్నేండ్లు." కళ్లు తుడుచుకోలేదు, ఏడవలేదు. నేను ఏదో అనబోయాను. తల అడ్డంగా ఊపింది. "నా సంగతి తర్వాత. ముందుగాల గా పిల్లకు ఫోన్ చెయ్యి. గోడ అవుతల ఏమున్నదో చూసినంకనే ఇల్లు పట్టుమను. గోడౌన్ గిట్ల ఉంటే ఒద్దను. నువ్వు చేసింది సుత చెప్పు, దాసిపెట్టకు."

అక్కడే, ఆమె వింటుండగానే ఫోన్ చేసి అంతా చెప్పాను.  అంతా విని ఆ అమ్మాయి, "అమ్మమ్మకు ఇయ్యి" అన్నది. ఫోన్‌లో ఏం అడిగిందో నాకు వినబడలేదు. అత్తమ్మ ఇటు నుంచి, "గిప్పుడొచ్చి ఏం జెయ్యాలె బిడ్డా, మోకాళ్లు లేవనిస్తలేవు. నేను నీ కొడుకునెత్తుకుంటే నన్నెవరెత్తుకోవాలె?" అని నవ్వింది. నవ్వుతూనే ఫోన్ నాకిచ్చి, చింతపండు చేట ముందుకు లాక్కుంది.

తిరుగు ప్రయాణంలో నేను లెక్కవేసుకున్నాను. పాప జబ్బు తర్వాత మా ఇంట్లో నాకొక కొడుకు, బావమరిదికి ఇద్దరు, మరదలికి ఒక ఆడపిల్ల పుట్టారు. ఒక్కరికీ ఆమె నీళ్లు పోయలేదు, ఒక్కరినీ ఒళ్లో వేసుకోలేదు. రమ్మంటే గడప దగ్గర నిలబడి చూసి వెళ్లేది. పన్నెండేళ్లకు నేను నోరు విప్పేసరికి, ఆమె ఎత్తుకోవలసిన పిల్లలంతా నడక నేర్చి ఎవరి దారిన వాళ్లు వెళ్లిపోయారు.